కంప్లయింటు ఇచ్చి మేమే కడిగిన ఇల్లు

సెలూన్ పెట్టుకున్నవాడికి ఎదురిల్లు చూడకుండా బతకడం కుదరదు. కుర్చీలో ఎవర్ని కూర్చోబెట్టినా అద్దంలో నాకు రెండు కనిపిస్తాయి. ఒకటి వాళ్ల తల, రెండోది ఆ తల పక్కనుంచి ఎదురింటి అరుగు. ఆ అరుగు మీద ఎవడో ఒకడు పడుకునే ఉంటాడు, ఎండ నెత్తికెక్కినా సరే. "ఎక్కడ చూస్తున్నావయ్యా, నా చెవి జాగ్రత్త!" అని కస్టమర్లు అరుస్తూ ఉంటారు.

పరాయివాళ్ల ఇల్లయితే నేనూ అందరితో పాటు నాలుగు తిట్లు తిట్టి ఊరుకునేవాణ్ణి. అది మా అత్తగారిల్లు. అవునండీ, ఎదురింటి అమ్మాయినే చేసుకున్నాను. మామగారికి గడ్డం గీస్తూ అద్దంలో వాళ్లమ్మాయిని చూసేవాణ్ణి. ఆయన కనిపెట్టకపోలేదు, కానీ కత్తి నా చేతిలో ఉండేది కదా, నోరెత్తలేదు. అలా కుదిరింది మా సంబంధం.

ఇప్పుడు మామగారూ లేరు, అత్తగారూ లేరు. ఆ ఇంట్లో మిగిలింది మా బావమరిది ఒక్కడే. బావమరిది బావ బతుకు కోరతాడని పెద్దవాళ్లు చెప్తారు. మా ఇంట్లో సామెత కూడా తిరగబడింది. పొద్దున లేస్తే వాడు బతికుంటే చాలురా భగవంతుడా అని నేను కోరుకోవాల్సి వచ్చింది.

వాడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్. చేతిలో పని ఉన్న కుర్రాడు, నవ్వితే వీధంతా నవ్వేది. ఒకసారి లిఫ్టు గుంటలో పడి నడుం దెబ్బతింది. నొప్పికని బిళ్లలు మింగాడు, బిళ్లలు చాలక సూది పొడుచుకున్నాడు, ఆ తర్వాత నొప్పి పోయింది గానీ సూది పోలేదు. ఆసుపత్రిలో రెండుసార్లు చేర్పించాం. మేం ఇంటికొచ్చి కాళ్లు కడుక్కునేలోపు మా వెనకాలే వచ్చేశాడు. వాళ్లమ్మ పోయాక ఇక వాడికి అడ్డేముంది, తలుపు బార్లా తీసేశాడు. ఎవరొచ్చినా కాదనడు. గూడు లేనివాళ్లు వచ్చి పడుకునేవారు, మత్తు కావాల్సినవాళ్లు వచ్చి ఊగేవారు. వీళ్లందరికీ సరుకు తెచ్చేవాడు ఒకడు, ఎర్ర హెల్మెట్ వాడు. బండి ఆపకుండా చెయ్యి చాచి ఇచ్చి పోతాడు, హెల్మెట్ మాత్రం తీయడు. నా వృత్తికి కూడా పనికిరాని వెధవ.

వచ్చినవాళ్లలో స్థిరపడిపోయినవాడు గొడుగు తాత. వానా ఎండా లేదు, చంకలో గొడుగు ఉండాల్సిందే. మత్తు జోలికి పోడు పాపం, పడుకోడానికి చోటు లేక వచ్చాడు. జుట్టు భుజాల దాకా, గడ్డం గుండెల దాకా. ఆయన్ని చూస్తే నా చేతులు దురద పెట్టేవి.

వీధివాళ్లు చెడ్డవాళ్లు కాదు, అది ముందే చెప్పాలి. చాలాకాలం ఓపిక పట్టారు. కుళాయిలు ఊడి మాయమైతే కొత్తవి బిగించుకున్నారు. బండి బ్యాటరీలు పోతే గొణుక్కున్నారు. నా ట్రిమ్మరు కూడా పోయింది. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టగలను, కానీ పట్టి ఏం చెయ్యను, కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. అయితే ఒకరోజు బ్యాంకాయన మనవరాలు బంతి కోసం కాలవలో చెయ్యి పెట్టబోయింది. బంతి పక్కనే సూది, మొన మీద ఇంకా ఎర్రగా. బ్యాంకాయన చూశాడు కాబట్టి సరిపోయింది. ఆయన బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యాడు, గొంతు పెంచి మాట్లాడ్డం ఆయనకి రాదు. ఆవేళ మాత్రం వీధి మధ్యలో నిలబడి ఏడ్చాడు.

మీటింగు మా షాపులో పెట్టారు, ఇన్ని కుర్చీలు ఇంకెక్కడున్నాయి! బ్యాంకాయన అధ్యక్షుడు కాబట్టి తిరిగే కుర్చీ ఎక్కాడు. కోపంలో ఎటు మాట్లాడితే అటు తిరిగిపోతూ ఉంటే, ఇంకోరోజైతే పడీ పడీ నవ్వేవాళ్లం.

"అర్జీ పెడదాం. ఆఫీసరు వచ్చి చూస్తారు. మనం చెప్పింది నిజమైతే అందర్నీ ఖాళీ చేయించి ఇంటికి సీలు వేస్తారు," అన్నాడు. తర్వాత నావైపు తిరిగి, నిజంగానే కుర్చీతో సహా తిరిగి, "నువ్వు ఆ ఇంటి అల్లుడివి. నీ సంతకం లేకపోతే ఇది పగ సాధింపనుకుంటారు. బలవంతం లేదు నాయనా," అన్నాడు.

బలవంతం లేదంటే అంతకన్నా బలవంతం ఉంటుందా! ఆ పిల్ల చెయ్యి నా కళ్ల ముందు కదిలింది. సంతకం పెట్టేశాను.

ఇంటికెళ్లి మా ఆవిడకి చెప్పాను. ఆవిడ బడిలో చిన్నపిల్లల్ని చూసుకునే పని చేస్తుంది. రోజంతా పిల్లల మీద అరవకుండా దాచుకున్న అరుపులన్నీ ఇంటికొచ్చాక నా మీద ఖర్చు పెడుతుంది. అరుస్తుందనే అనుకున్నాను. అరవలేదు. మడతపెడుతున్న దుప్పటి విప్పింది, మళ్లీ మడత పెట్టింది.

"మంచిపనే చేశారు. చంటిపిల్లకి గుచ్చుకుంటే ఎవరిది పాపం?" అంది.

నేను ఊపిరి పీల్చుకునేలోపు, "ఒక్కమాట అడుగుతాను, చెప్పండి. నేను రోజూ పొద్దున్నే డబ్బా పట్టుకుని అక్కడికి వెళ్తున్నది వాడికి అన్నం పెట్టడానికనుకుంటున్నారా? వాడు తినడు. ఆ గొడుగు తాత తింటాడు. నేను వెళ్లేది వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూడ్డానికి. వేలికి ఊపిరి తగిలితే బడికెళ్తున్నాను. రేపు ఆ ఇంటికి సీలు పడితే, వాణ్ణి ఏ వంతెన కింద వెతుక్కోను? ఎవరి ముక్కు దగ్గర వేలు పెట్టను?" అంది.

  'మనింటికి తెచ్చుకుందాం' అన్నాను. తెచ్చుకున్నాం కదా ఒకసారి, ఎర్ర హెల్మెట్ వాడు మన గుమ్మానికే వచ్చాడు కదా, అంది. అది నిజం. వాడు మాతో ఉంటే మా ఇల్లే ఆ ఇల్లవుతుంది.

ఆఫీసరు రేపొస్తారనగా కబురొచ్చింది. ఇక్కడ మా వీధి సంగతి మీకు కాస్త చెప్పాలి. మా వాళ్లు దేన్నైనా భరిస్తారు గానీ, బయటివాళ్లు వచ్చి చూసి 'ఛీ' అంటే భరించలేరు. మా ఇళ్లల్లో ఎవరైనా వస్తున్నారంటే ముందు చీపురు లేస్తుంది, తర్వాతే మనిషి లేస్తాడు.

ఆ కబురొచ్చిన పొద్దున్నే షాపు తెరిచి అద్దం తుడుస్తున్నాను. అద్దంలో బ్యాంకాయన భార్య కనిపించింది, చీర కుచ్చిళ్లు ఎగ్గట్టి, చేతిలో చీపురుతో. సరాసరి ఎదురింటి అరుగెక్కింది. అక్కడ పడుకున్న కుర్రాణ్ణి చీపురు మొదలుతో పొడిచి, "లే నాయనా, కాస్త అవతలికి జరుగు, ఊడ్చుకోవాలి," అంది. వాడు జరిగాడు. ఊడ్చింది. నేల మీద పడుకున్నవాణ్ణి దొర్లించి వాడి కింద కూడా ఊడ్చింది.

బ్యాంకాయన పరిగెత్తుకొచ్చాడు. "ఏమేవ్! ఏం చేస్తున్నావు? రేపు ఆఫీసరుకి చూపించాల్సిన సాక్ష్యం అది!"

"సాక్ష్యమైతే మాత్రం కంపు కొట్టాలా? రేపు పెద్దావిడెవరో వస్తోందట, అరుగు మీద కాలు పెట్టేట్టుందా? మన వీధి మొహమే కదా ఇది. మీరెళ్లి ఫినాయిలు పట్రండి."

ఆయన ఫినాయిలు తెచ్చాడు. ఇంకేం చేస్తాడు పాపం, బ్యాంకులో అంతమందిని అదిలించినవాడైనా ఇంట్లో మొగుడే కదా.

ఒక చీపురు లేస్తే మా వీధిలో ఇంకో చీపురు పడుకోదు. టైలరమ్మ వచ్చింది, వాళ్లాయన వచ్చాడు. పాలవాడు డబ్బాలు దించి బకెట్లు మోశాడు. సూదులన్నీ పటకారుతో ఏరి మూతున్న డబ్బాలో వేశాం, ఆ పని బ్యాంకాయన ఎవర్నీ ముట్టనివ్వలేదు, తనే చేశాడు. కుళ్లిన పరుపులు, విరిగిన సోఫా, అట్టపెట్టెలు, సీసాలు బయటికి లాగాం. చెత్త వ్యాను మా ఇరుకు వీధిలో తిరగదు, బ్యాంకాయన గేటు దగ్గరే తిరుగుతుంది, కాబట్టి చెత్తంతా ఆయన గేటు ముందు పోశాం. రేపు పొద్దున్నే వ్యాను వస్తుందిలే అనుకున్నాం.

మా ఆవిడ బడి మానేసి వచ్చింది. ఒకప్పుడు వాళ్లమ్మ వండిన వంటింట్లో మోకాళ్ల మీద కూర్చుని గోడలు రుద్దింది. మేం ఫిర్యాదు చేసిన ఇంటిని మేమే కడుగుతున్నామన్న సంగతి ఎవరికీ తట్టలేదంటే నమ్మండి. తట్టినా చెప్పినవాడు లేడు. ఏదో మనింట్లో శుభకార్యం ఉన్నట్టు ఒకళ్లనొకళ్లు అదిలించుకుంటూ, టీలు తాగుతూ పని చేశాం. లోపలివాళ్లు కూడా ఊరికే కూర్చోలేక తలో చెయ్యీ వేశారు. ఒకరిద్దరు కుర్రాళ్లు మాత్రం ఈ గోలేంటని విసుక్కుని ఎటో పోయారు, మళ్లీ రాలేదు.

మర్నాడు పొద్దున ఇల్లు చూస్తే మా అత్తగారు ఉన్నప్పటి ఇల్లే. అప్పుడు గమనించాను, ఇల్లు బాగుంది, మనుషులే బాగాలేరు. ఇక నా చేతులు ఆగుతాయా! షాపులో చెక్క కుర్చీ, గుడ్డ, కత్తెరలు, బ్రష్షు, పటిక అన్నీ తెచ్చి ఆ అరుగు మీద దుకాణం పెట్టేశాను.

ముందు గొడుగు తాత. "గొడుగు పక్కన పెట్టు తాతా," అంటే, "నువ్వు పట్టుకుంటానంటే ఇస్తా," అన్నాడు. కత్తెర పట్టుకోవాలా, గొడుగు పట్టుకోవాలా! చివరికి బ్యాంకాయన పట్టుకున్నాడు. దువ్వెన దిగడానికే బోలెడు సేపు పట్టింది. గడ్డం తీశాక చూద్దును కదా, ఎంత అందగాడండీ! అద్దం ఇస్తే చూసుకుని, "అరె, మా నాన్న," అన్నాడు. అంతే అన్నాడు. అద్దం మాత్రం వెంటనే ఇవ్వలేదు.

తర్వాత బావమరిది. వాడు గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. వాళ్లమ్మ పోయినప్పటి నుంచి నా కుర్చీలో కూర్చోలేదు వాడు. నేనూ పిలవలేదు.

"రా," అన్నాను.

"వద్దులే బావా."

"నీ మొహం చూస్తే ఆఫీసరు జడుసుకుని చస్తుంది. ఆ పాపం నాకెందుకు? కూర్చో వెధవా."

కూర్చున్నాడు. గుడ్డ కప్పి మెడ వెనక ముడి వేస్తుంటే వేళ్లకి ఎముకలు తగిలాయి. నురగ రాస్తుంటే బుగ్గలు లోపలికి పోయి, రేజరు ఆనడానికి చోటు లేదు. "నాలుకతో బుగ్గ లోపలనుంచి తొయ్యి," అన్నాను. తోశాడు. చిన్నప్పుడు మొదటిసారి గడ్డం గీసినప్పుడు కూడా ఇదే చెప్పానని గుర్తొచ్చి నాకు కోపం ముంచుకొచ్చింది. వాడి మీదో, లిఫ్టు మీదో, దేవుడి మీదో. "ఎందుకురా ఇలా అయిపోయావు?" అనేశాను. వాడు కళ్లు మూసుకున్నాడు. కుడిబుగ్గ పూర్తయింది, ఎడమబుగ్గకి తిరుగుతున్నాను, వీధి చివర జీపు ఆగింది.

ఆఫీసరు మేడం దిగింది. చేతిలో ఫైలు, ముక్కు మీద కళ్లద్దాలు. వెంట ఇద్దరు మనుషులు. అటూ ఇటూ చూసింది. వీధి మొత్తం మీద ఒకే ఒక్క గేటు ముందు కుళ్లిన పరుపులు, విరిగిన సోఫా, సీసాల గుట్ట. ఖర్మకొద్దీ చెత్త వ్యాను ఆవేళే రాలేదు. ఆవిడ తిన్నగా బ్యాంకాయన గేటు దగ్గరికి నడిచి తలుపు కొట్టింది.

బ్యాంకాయన లోపల చొక్కా మార్చుకుంటున్నాడు. బనీనుతో తలుపు తీశాడు.

"ఈ ఇంట్లో ఎంతమంది ఉంటున్నారు? మత్తు ఎవరు తీసుకుంటారు?" అంది మేడం.

"నేనా? మత్తా? అమ్మా, నేను కాఫీ కూడా తాగను!"

"అందరూ ముందు అలాగే అంటారు. చేతులు చూపించండి."

ఆయన నిజంగానే చేతులు చాచాడు. ఆయన భార్య లోపలనుంచి వచ్చి, "రేపట్నుంచి కాఫీ తాగండి, కనీసం మనిషిలా కనిపిస్తారు," అంది. నవ్వు నాలుగు విధాల చేటంటారు గానీ, ఆ నవ్వు ఆపడం మనిషి తరం కాదు. మా ఆవిడ కూడా కొంగు నోట్లో కుక్కుకుంది. తన నవ్వు చూసి ఎన్నాళ్లయిందో.

మొత్తానికి మేడంని ఎదురింటికి తీసుకొచ్చారు. ఆవిడ లోపలికెళ్లి గదులన్నీ చూసింది, గోడ మీద వేలు రాసి చూసుకుంది. బయటికొచ్చి మావైపు చూసింది, చీపుర్లు, బకెట్లు, ఫినాయిలు సీసా. నీట్‌గా గడ్డం గీసుకుని గొడుగుతో కూర్చున్న పెద్దమనిషి లేచి ఆవిడకి నమస్కారం పెట్టాడు.

"ఇదేనా ఆ ఇల్లు? మా ఆఫీసు ఇంతకన్నా మురికిగా ఉంటుంది. నన్నేం చూడమని పిలిచారు?" అంది మేడం.

వీధంతా కలిసి కాళ్ల వంక చూసుకున్నాం. అప్పుడర్థమైంది మాకు మేం చేసిన పని. బ్యాంకాయన, "అంటే మేడం, మొన్నటిదాకా... నిన్న మా ఆవిడ..." అని నీళ్లు నమిలాడు. మేడం ఫైలు తెరిచి నా సంతకం మీద వేలు పెట్టింది.

"ఇది మీదేనా? మీరు ఈ ఇంటి అల్లుడట. మీరే చెప్పండి, ఇందులో రాసింది నిజమా, అబద్ధమా? అబద్ధమంటే ఇక్కడే కొట్టేసి పోతాను."

మా ఆవిడ గుమ్మానికి ఆనుకుని నన్నే చూస్తోంది. నిజమంటే వాడు వంతెన కిందకి పోతాడు. అబద్ధమంటే ఎర్ర హెల్మెట్ వాడు రేపు పొద్దున్నే వస్తాడు, కాలవలో మళ్లీ సూది తేలుతుంది. బ్యాంకాయన వంక చూశాను. ఆయన నెమ్మదిగా తల అడ్డంగా ఊపాడు, అబద్ధమని చెప్పెయ్ అన్నట్టు. ఆ మనిషికి ఆ మాత్రం ఊపడం ఎంత కష్టమో నాకు తెలుసు. నిన్నంతా ఆ ఇంట్లో వాళ్లతో టీ తాగాక ఆయనకి మనసు రాలేదు.

"పొరపాటు పడ్డాం మేడం..." అని మొదలుపెట్టాను.

"నిజమే మేడం," అంది నా చేతికింద గొంతు.

బావమరిది లేచి నిలబడ్డాడు. మెడకి గుడ్డ అలాగే ఉంది, ఎడమబుగ్గ మీద నురగ అలాగే ఉంది. "ఉన్నదే రాశారు. అంతకన్నా తక్కువే రాశారు. సీలు వేసెయ్యండి," అన్నాడు.

"నోరుముయ్యరా!" అంది మా ఆవిడ. "ఎక్కడికి పోతావు?"

"అక్కా, నిన్న నువ్వు అమ్మ వంటిల్లు కడుగుతుంటే చూడలేకపోయాను. రేపు వాడొస్తాడు. తలుపు కొడతాడు. నాది కాబట్టి నేను తీస్తాను. తీయకుండా ఉండలేనక్కా, ఒట్టు, నావల్ల కాదు. తలుపు తీసే పని నాది కాని చోట ఎక్కడైనా పడేయండి నన్ను. పారిపోతే కాళ్లు విరగ్గొట్టండి."

మా ఆవిడ వచ్చి వాడి చెంప మీద ఒక్కటిచ్చింది, నురగ లేని వైపు. తర్వాత వాణ్ణి పట్టుకుని, "ఈ ముక్క కోసం ఎన్నాళ్లు చూశానురా నేను!" అని బావురుమంది. బ్యాంకాయన అటు తిరిగి కళ్లద్దాలు తుడుచుకున్నాడు. గొడుగు తాత ఎండ లేకపోయినా గొడుగు విప్పి వాళ్లిద్దరి మీదా పట్టాడు.

మేడం ఫోన్లో ఎవరితోనో మాట్లాడింది. "మత్తు మాన్పించే వార్డులో ఒక మంచం ఉందట. కానీ ఇప్పుడే రావాలి, ఈ జీపులోనే. సాయంత్రం వస్తానన్నవాళ్లు రారు, నాకు తెలుసు," అంది.

"గడ్డం సగమే అయింది మేడం, ఒక్క నిమిషం!" అన్నాను. ఏం మాటో చూడండి అది! అంత జరుగుతుంటే నా ఏడుపు నాది.

"సగంతోనే రానివ్వండి," అంది ఆవిడ. వాడు గుడ్డ అంచుతో నురగ తుడుచుకుని, గుడ్డ విప్పి నా చేతికిచ్చి జీపెక్కాడు. పక్కన వాళ్లక్క ఎక్కింది.

మేడం సీలు వెయ్యలేదు. జీపు కదిలేముందు ఇంటికి తాళం వేసి తాళంచెవి మా ఆవిడకి ఇచ్చింది, లోపల ఎవరూ ఉండకూడదంది; మిగతా కుర్రాళ్లు జీపు చూసి అప్పటికే జారుకున్నారు. మరి తాత సంగతేంటని బ్యాంకావిడ అడిగితే, "అరుగు గురించి నా కాగితంలో ఏమీ లేదే," అని చెప్పి వెళ్లింది. అరుగుకి తడికలు కట్టి, తాతకి మంచం వేశాం. మర్నాడు ఎర్ర హెల్మెట్ వాడొచ్చాడు. అరుగు మీద గొడుగు తాత, పక్కన పేపరు పట్టుకుని బ్యాంకాయన, ఆ పక్కన నా షాపు కుర్చీల్లో సగం వీధి. వాడు బండి తిప్పేశాడు. ఇంకో రెండు మూడుసార్లు వచ్చి చూసి, ఇక రావడం మానేశాడు.

మొదట్లో వార్డులోకి మమ్మల్ని రానివ్వలేదు. మా ఆవిడ బడి అవగానే వెళ్లి గేటు దగ్గర నర్సుని అడిగి వచ్చేది. ఏడుస్తున్నాడట అని చెప్పేది. కిటికీ ఊచలు పీకబోయాడట. అన్నం నర్సు మీద విసిరాడట. వద్దు, ఇంటికి పంపెయ్యమని కాళ్లు పట్టుకున్నాడట. రోజూ పొద్దున్నే ఎదురింటికి వెళ్లే అలవాటు పోక, డబ్బా పట్టుకుని బయల్దేరి, వీధి మధ్యలో ఆగి, వెనక్కొచ్చేది. నేను చూడలేకపోయేవాణ్ణి. ఇవాళో రేపో మళ్లీ మన వెనకాలే వచ్చేస్తాడని నా భయం. వచ్చేస్తే ఈసారి వాడు బతకడని ఇంకా పెద్ద భయం. 

చివరికి రమ్మని కబురొచ్చింది. ఇద్దరం వెళ్లాం. నర్సు నన్ను చూడగానే, "ఆ బావ మీరేనా?" అంది విసుగ్గా. "మా వార్డుకి మంగలి వస్తాడండీ. అందరూ చేయించుకుంటారు. మీవాడు మాత్రం ససేమిరా అన్నాడు. ఒక బుగ్గ మీద బారెడు, ఒక బుగ్గ మీద మూరెడు. అందరూ నవ్వుతుంటే, 'మా బావ సగం చేశాడు, మిగతా సగం ఆయనదే, ఇంకోడి చెయ్యి పడనివ్వను' అంటాడు. మీ సామాను తెచ్చారా?"

తేకుండా ఎలా ఉంటాను! సంచీలోంచి తీశాను. నర్సు రేజరు చూసి, బ్లేడు చూసి, నా పక్కనే నిలబడింది.

వాడు కిటికీ పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. కాస్త ఒళ్లొచ్చింది. నిజమే, ఒక వైపు ఇంత, ఒక వైపు అంత, చూస్తే నవ్వే వస్తుంది. నవ్వాను కూడా. నురగ రాశాను. గడ్డం కింద వేలు పెట్టి మొహం పైకెత్తితే వాడు కళ్లు తెరిచి నన్ను చూశాడు. ఆ కళ్లు మా బావమరిదివి. ఎంత కాలమైందో వాటిని చూసి. నా జన్మలో కత్తి పట్టిన చెయ్యి వణకలేదండీ, ఆవేళ వణికింది. బుగ్గ మీద ఆనించలేకపోయాను. తుడుచుకుని మళ్లీ పట్టుకున్నాను, మళ్లీ వణికింది. మా ఆవిడ చూస్తోంది, నర్సు చూస్తోంది, నాకేమో కళ్లు మసకలు.

వాడు నాలుకతో ఎడమబుగ్గని లోపలనుంచి తోసి పెట్టి, ఆ ఉబ్బిన బుగ్గతోనే, "తాపీగా గియ్యి బావా, నేనెక్కడికీ పోవట్లేదు," అన్నాడు.